తలుపు వెనక కుర్చీ

నేను చేసిన ఉద్యోగం ఏమిటని చుట్టాలెవరైనా అడిగితే మా ఆయన ఇప్పటికీ మాట మార్చేస్తాడు. "ఆటల శాఖలో ఏదోలెండి" అంటాడు. నాకు అలాంటి మొహమాటం లేదు. ఆటగాళ్ళ ఇళ్ళకు చెప్పాపెట్టకుండా వెళ్ళి, వాళ్ళు మూత్రం పోస్తుంటే పక్కన నిలబడి కళ్ళారా చూసి, సీసాల్లో పట్టించి, సీలు వేయించి, పరీక్షకు పంపడం నా పని. మందులు వాడి గెలిచేవాళ్ళను పట్టుకోవడానికి పెట్టిన పని అది. ఆడపిల్లల దగ్గరికి ఆడవాళ్ళే వెళ్ళాలి కాబట్టి హైదరాబాదులో చాలా ఏళ్ళు ఆ బరువు నా నెత్తిన పడింది.

మీలో కొందరు ఈ పనిలో చేరబోతున్నారని, శిక్షణలో నా గురించి ఒక కథ చెప్పుకుంటున్నారని విన్నాను. ఆ కథలో నేను నానక్‌రామ్‌గూడలో ఒక అపార్ట్‌మెంటు గోడ దూకానట. దూకలేదు. నా మోకాళ్ళకు అంత సీను లేదు. జరిగింది జరిగినట్టు నేనే చెబుతాను, వినండి.

ముందు నా బుద్ధి గురించి చెప్పాలి. ఈ ఉద్యోగానికి ముందు జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో, సరుకు నాణ్యత చూసే విభాగంలో పనిచేశాను. తెల్లగా కనిపించే పొడులన్నీ ఒకటి కావని అక్కడ నేర్చుకున్నాను. ఆ బుద్ధి నాతోపాటు ఇంటికి కూడా వచ్చేసింది. పాలల్లో నురగ ఎక్కువగా ఉన్నా అనుమానమే, తక్కువగా ఉన్నా అనుమానమే. మా ఆయన షుగరు మనిషి. గుడికి వెళ్ళొస్తే లడ్డూ తిన్నాడేమోనని చేతులు వాసన చూసేదాన్ని. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం అని మా అత్తగారు నన్ను తిట్టేది. ఆ తిట్టుకే ప్రభుత్వం జీతం ఇస్తుందని పాపం ఆవిడకు తెలియదు.

నాకు జతగా వేసిన మనిషి సరిగ్గా నాకు ఎదురు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన పెద్దమనిషి. రక్తం తీయడంలో చేయి తిరిగినవాడు కాబట్టి అందరం సూది మాస్టారు అనేవాళ్ళం. ఆయన దృష్టిలో లోకంలో అందరూ పాపం మనుషులే. దొరికిపోయిన ఆటగాడు ఏడుస్తుంటే ఆయన కళ్ళూ చెమర్చేవి. సీసా మూత సరిగ్గా పడిందా లేదా అని నేను చూస్తుంటే, ఆయన వాళ్ళకు మంచినీళ్ళు అందించేవాడు.

ఇక ఆ అమ్మాయి. పేరు చెప్పను, చెప్పకూడదు. ట్రయాథ్లాన్ ఆమె ఆట. ముందు ఈత, నీళ్ళలోంచి లేచి తడి బట్టలతోనే సైకిల్, సైకిల్ దిగి పరుగు. మూడూ ఒకదాని వెనక ఒకటి, మధ్యలో ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు. గచ్చిబౌలి స్టేడియం కొలనులో ఈత నేర్చుకుని, ఔటర్ రింగు రోడ్డు పక్కన సర్వీసు రోడ్డు మీద సైకిల్ తొక్కి, ఒకసారి ఒలింపిక్స్ దాకా వెళ్ళొచ్చింది. అక్కడ చివరి వరసలో వచ్చింది. ముప్పై దాటింది కాబట్టి ఇక మానేస్తుందని అందరూ అనుకున్నారు. ఏడాది తిరిగేసరికి ఆసియా మొత్తానికి ఛాంపియన్ అయి కూర్చుంది. మళ్ళీ ఒలింపిక్స్‌కు వెళ్ళే దారిలో పడింది.

ఆ వయసులో ఎవరికైనా వేగం తగ్గాలి. ఈమెకు పెరిగింది. మా ఆఫీసులో ఆ వార్త చదివి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

మా రూలు ఒకటి మీకు తెలియాలి. పెద్ద స్థాయి ఆటగాళ్ళు ప్రతిరోజూ ఒక గంటపాటు ఎక్కడుంటారో ముందే రాసివ్వాలి. ఆ గంటలో మేము ఎప్పుడైనా ఊడిపడొచ్చు. వెళ్ళినప్పుడు మనిషి దొరక్కపోతే అది ఒక తప్పిదం. ఏడాదిలో మూడు తప్పిదాలైతే నిషేధం. వస్తున్నామని మేము ముందుగా చెప్పకూడదు. ఎందుకొచ్చామో కాపలావాళ్ళకు కూడా చెప్పకూడదు.

ఈ రూలు రాసినవాళ్ళు నానక్‌రామ్‌గూడ చూసి ఉండరు. ఇప్పుడక్కడ పాత ఊరి నడుమనే ఆకాశాన్నంటే టవర్లు. ప్రతి టవరుకూ ఒక గేటు, గేటుకో ఫోను, ఫోనులో ఒక యాప్. మనం వెళ్ళి నిలబడగానే సెక్యూరిటీ అతను మన మొహం ఫొటో తీస్తాడు. అది ఫ్లాటువాళ్ళ ఫోనుకు వెళ్తుంది. వాళ్ళు సరే అంటేనే గేటు తెరుచుకుంటుంది. చెప్పకుండా వెళ్ళాల్సిన ఉద్యోగంలో ఉండి, నేను ఫొటో దిగి మరీ కబురు పంపాల్సి వచ్చేది. ఈ సంగతి పై ఆఫీసుకు రాస్తే, గేటువాళ్ళకు చెప్పి పెట్టుకునే బాధ్యత ఆటగాళ్ళదేనని జవాబొచ్చింది.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఇంకా సరిగ్గా తెల్లారలేదు. ఆ అమ్మాయి రాసిచ్చిన గంట పొద్దున్నే ఉండేది. సెక్యూరిటీ కుర్రాడు నన్నూ నా సంచినీ ఎగాదిగా చూశాడు.

"డెలివరీయా, గెస్టా మేడం?"

"గెస్ట్."

ఫొటో తీశాడు, పంపాడు, కాసేపు చూశాడు. "రిజెక్ట్ కొట్టిన్రు మేడం" అన్నాడు.

"ఎవరు?"

"ఫ్లాటోళ్ళు."

ఇంకోసారి పంపమన్నాను. మళ్ళీ అదే. రూలు ప్రకారం గంట అయ్యేదాకా అక్కడే ఉండాలి. రోడ్డవతల ఇడ్లీ బండి దగ్గర నిలబడ్డాం. గంట ముగిసే ముందు ఆటగాళ్ళు ఇచ్చిన నెంబరుకు ఒక్కసారి ఫోన్ చెయ్యొచ్చు. చేశాను. ఎత్తలేదు.

"పాపం, నిద్రపోతోందేమోనండి" అన్నాడు సూది మాస్టారు.

"నిద్రపోయే మనిషి రిజెక్ట్ ఎలా కొడుతుంది మాస్టారూ?"

"చెయ్యి తగిలి పడిపోతుందండీ ఒక్కోసారి. మా ఆవిడ నిద్రలో నాకే ఫోన్ చేస్తుంది."

నేను రిపోర్టు రాశాను. ఆ అమ్మాయి నుంచి జవాబొచ్చింది. తాను ఆ గంటంతా ఇంట్లోనే ఉన్నానని, ఎవరూ రాలేదని. మా ఆఫీసులో ఆ వాక్యం విని నవ్వారు. దొరకని ప్రతివాళ్ళూ ఇంట్లోనే ఉంటారు. నేనూ నవ్వాను.

కొన్ని నెలల తర్వాత రెండోసారి వెళ్ళాం. అదే గేటు, అదే ఫొటో, అదే మాట, చివర్లో అదే ఎత్తని ఫోను. ఈసారి నేనొకటి గమనించాను. అతను ఫొటో పంపి ఫోను దించేలోపే తిరస్కారం వచ్చేసింది. ఫోను మోగాలి, మనిషి చూడాలి, ఫొటోలో ఎవరో గుర్తుపట్టాలి, అప్పుడు కదా కాదనడం! అంటే ఆమె ఫోను చేతిలో పట్టుకుని నా మొహం కోసమే కాచుకుని కూర్చుంది. దొంగ అని తేల్చేశాను. సూది మాస్టారు నోరు తెరవబోతే, మీ ఆవిడ సంగతి మళ్ళీ చెప్పకండి అన్నాను.

ఆ మధ్యలో వేరే ఈతగాళ్ళ పని మీద గచ్చిబౌలి కొలనుకు వెళ్ళాల్సి వచ్చింది. అక్కడ ఆ అమ్మాయి కోచ్ ఎదురుపడ్డాడు. రాయలసీమ మనిషి. భూముల వ్యాపారంలో నాలుగు రాళ్ళు వెనకేసుకుని, ఆట మీద ప్రేమతో కోచ్‌గా మారినవాడు. చిన్నప్పటి నుంచీ ఆ పిల్లకు అన్నీ ఆయనే. తిండి, సైకిల్, ఉండే ఫ్లాటు, మాకు పంపే వివరాలు, అన్నీ ఆయన చేతుల మీదుగానే జరుగుతాయని స్టేడియంలో అందరికీ తెలుసు.

"ఏం మేడం, మా పిల్ల మీద అనుమానమంట మీకు?" అన్నాడు నవ్వుతూ.

"నాకు అందరి మీదా అనుమానమే సార్."

"నాకైతే దాని మీద నా ప్రాణం కంటే నమ్మకముండాది. రాసి పెట్టుకోండి."

అదే సమయానికి ఆ అమ్మాయి ఈత ముగించి గట్టు పట్టుకుని పైకొచ్చింది. నన్ను చూసి గుర్తుపట్టింది. వగరుస్తూనే దగ్గరికొచ్చి, "మేడం, ఈసారన్న జర పైకి రాండ్రి" అంది.

నాకు ఒళ్ళు మండింది. గేటు దగ్గరే నన్ను ఆపించి, పైకి రమ్మని వెక్కిరింపా! ఏదో అనబోయాను. "పోమ్మా, సైకిలు టైమైంది, పో" అని కోచ్ ఆమెను తొందరపెట్టి పంపేశాడు. ఆమె వెళుతూ వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపు కూడా నటనే అనుకున్నాను.

ఒలింపిక్స్‌కు ఎంపిక దగ్గరపడింది. పై ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. ఆ అమ్మాయి దగ్గరికి మళ్ళీ వెళ్ళమన్నారు. "ఈసారి దొరక్కపోతే ఆమె కథ ముగిసినట్టే. జాగ్రత్తగా, రూలు ప్రకారం చెయ్యండి" అన్నారు. మూడో తప్పిదమైతే నిషేధం. ఆ వయసులో నిషేధం పడితే మళ్ళీ ఆటకు రావడమనేది కల్ల.

ఆ ఉదయం కారులో సూది మాస్టారు, "ఈ రోజు కూడా కాదంటే మీరు ఏం రాస్తారండీ?" అని అడిగాడు.

"జరిగింది రాస్తాను."

"అంతేలెండి" అన్నాడు. మొదటిసారి ఆయన గొంతులో నా మీద కోపం వినిపించింది.

గేటు దగ్గర ఆ పాత కుర్రాడే ఉన్నాడు. నన్ను చూసి ఇబ్బందిగా నవ్వాడు. ఫోను పైకెత్తుతూ, "ఊకె పరేషాన్ అయితున్రు మేడం. మల్ల రిజెక్టే కొడ్తడు సారు" అన్నాడు.

నేను చటుక్కున అరచెయ్యి చాపి ఆ ఫోనుకు అడ్డం పెట్టాను.

"ఏ సారు?"

"గా ఫ్లాటు సారు. యాప్‌ల నంబరు ఆయనదే గద."

"ఆ సారు ఇప్పుడు పైన ఉన్నాడా?"

"లేడు మేడం. సారు ఉండేది గచ్చిబౌలిల. కిరాయి సారు పేరు మీద ఉన్నది. పైన మేడం ఒక్కతే ఉంటది."

"ఆవిడ ఉందా ఇప్పుడు?"

"ఎటు పోలే. సైకిల్ తీస్కొని పోనీకి ఇంక టైమున్నది."

"పైకి వేరే ఫోను లేదా? ఇంటర్‌కామ్?"

"ఖరాబయ్యి శాన దినాలాయె. యాప్ వచ్చినంక దాన్ని ఎవ్వలు బాగు చేపిస్తలేరు."

నా గుర్తింపు కార్డు చూపించి, లోపలికి వదలమన్నాను. అతను చేతులు జోడించాడు. "అప్రూవల్ లేకుంటే నా నౌకరి పోతది మేడం. కెమెరాలున్నయ్."

ఇక్కడ మీరు నన్ను మంచిదాన్ననుకోకండి. ఆ అమ్మాయి అమాయకురాలని నాకు అనిపించలేదు. ఆమె, కోచ్ కలిసి ఆడుతున్న నాటకమని అనుకున్నాను. కాని ఒక సంగతి మాత్రం గొంతులో ముల్లులా దిగింది. ప్రతిసారీ నా మొహం ఫొటో ఎవడికో వెళుతోంది. అది చూసి వాడు నిర్ణయం తీసుకుంటున్నాడు. నేను దాని కింద సంతకం పెడుతున్నాను. నన్నెవడో వాడుకుంటున్నాడు! ఆ అనుమానం పుట్టాక, ఇక ఆ ఫొటో దిగడానికి నా ఒళ్ళు ఒప్పుకోలేదు.

ఆ గేటుకు కొంచెం అవతల ఇంకో చిన్న గేటుంది. వంటవాళ్ళు, పనివాళ్ళు అటు నుంచి వెళ్తారు. అక్కడ ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. సూది మాస్టారితో, "మీరు ఈ కుర్రాడితో కబుర్లు చెబుతూ ఉండండి" అన్నాను.

"ఏం కబుర్లండీ?"

"మీ ఆవిడ నిద్రలో చేసే ఫోన్ల గురించి చెప్పండి."

వరసలో నిలబడి, ఆ టవరుకు ఎవరు వెళ్తారని అడుగుతూ పోతే, ఒకామె నా వంక తిరిగింది. ఆ అమ్మాయికి పొద్దున వంట చేసి పెట్టే మనిషి. నా కార్డు చూసి గాభరాపడింది.

"ఏందమ్మా, పిల్ల మీద ఏమన్న కేసా?"

"కేసు లేదు. పైకి వెళ్ళి ఆమెను చూడాలి, అంతే. గేటువాళ్ళు వదలడం లేదు."

ఆమె నన్ను కాసేపు తేరిపార చూసింది. "పొద్దుగాల పొద్దుగాల ఎవలకోసమో ఎదురు చూస్తనే ఉంటదమ్మా ఆ పిల్ల" అంది.

నా బుద్ధి చూడండి. ఎవరి కోసం? మందులు తెచ్చిచ్చేవాడి కోసమా? అనుకున్నాను.

చిన్న గేటు దగ్గర అతను నన్ను ఆపాడు. వంటామె అడ్డం వచ్చి, "కొత్తామె. నాకు పానం మంచిగుంటలేదు, నాలుగు దినాలు నా బదులు చేస్తది. ఇల్లు చూపిస్త" అంది. అతను నా జరీ అంచు చీర వంక, సంచి వంక అనుమానంగా చూశాడు. అనుమానించే మనిషిని చూస్తే నాకు గౌరవం. కాని ఆ రోజు మాత్రం తల వంచుకుని లోపలికి నడిచాను. నా సంచిలోనూ ఒక గిన్నె ఉంది, అది తోమడానికి కాదు.

లిఫ్టు ఎక్కాం. వంటామె ముందు నడిచింది. నేను బెల్లు మీద వేలు పెట్టేలోపే తలుపు తెరుచుకుంది.

ఆ అమ్మాయి ఎదురుగా నిలబడి ఉంది. ఆమె వెనక, సరిగ్గా తలుపుకు ఎదురుగా, ఒక ప్లాస్టిక్ కుర్చీ. కుర్చీ పక్కన నేల మీద నీళ్ళ సీసా. ఆ గంటలో వేరే చప్పుడేదీ అడుగుల చప్పుడును మింగెయ్యకూడదని ఫ్యాను కూడా ఆపేసి కూర్చుందట. రెండో తప్పిదం నోటీసు వచ్చిన రోజు నుంచీ, ప్రతి ఉదయం, అలాగే.

ఆమె నన్ను చూసి నెమ్మదిగా, "వచ్చిండ్రా మేడం. ఇన్ని దినాలకు పైకొచ్చిండ్రా" అంది. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకోలేదు.

ఏడుపు చూసి కరిగే రకాన్ని కాదు నేను. కార్డు చూపించాను, కాగితం మీద సంతకం తీసుకున్నాను. ఇక నా కళ్ళముందు నుంచి కదలకూడదని చెప్పాను. ఆమె కదిలే మనిషిలా లేదు. నన్నే పోనివ్వదేమో అన్నట్టుగా ఉంది. మామూలుగా మా పనిలో సగం సమయం మూత్రం రావడం కోసం ఎదురుచూడ్డానికే పోతుంది. ఆ పిల్ల మాత్రం రోజూ నీళ్ళు తాగి సిద్ధంగా కూర్చుంది కాబట్టి ఆలస్యమేమీ కాలేదు. చూడాల్సిందంతా కళ్ళల్లో వత్తులేసుకుని చూశాను. ఏ మోసమూ లేదు.

సీసాలకు సీలు వేయాల్సింది ఆటగాళ్ళే. ఆమె మూత బిగిస్తుండగా ఆమె ఫోను మోగింది. కోచ్. రెండు చేతులూ పనిలో ఉన్నాయి కాబట్టి స్పీకరు పెట్టింది.

"సార్, డోప్ టెస్టోళ్ళు వచ్చిండ్రు. శాంపిల్ ఇచ్చిన" అంది. ఆ గొంతులో పండగ ఉంది.

అవతల ఆయన, "లోపలికెట్ల వచ్చినారు? గేటు నుంచి నా ఫోనుకేం రాలేదే!" అన్నాడు.

ఆమె చేతిలో మూత ఆగిపోయింది.

"గేటు ఫోను అసోసియేషనోళ్ళ దగ్గరికి పోతదంటిరి గద సార్? మీకెందుకొస్తది?"

ఆయన ఫోను పెట్టేశాడు. నేను నా కాగితాల్లో రాసి ఉన్న ఆమె నెంబరు చదివి వినిపించాను. ఆమె నెమ్మదిగా తల అడ్డంగా ఊపింది. "అది సార్ నంబర్ మేడం" అంది. నేను రెండుసార్లు చేసి, ఎత్తలేదని రాసుకున్న నెంబరది.

గచ్చిబౌలి నుంచి కోచ్ వచ్చేసరికి నేను సీసాలు పెట్టెలో సర్దుతున్నాను. కింద కుర్రాడు ఆయనకు గేటు తీయగానే సూది మాస్టారు కూడా ఆయన వెంటే పైకి వచ్చేశాడు. కోచ్ చెప్పులు విడవకుండానే లోపలికొచ్చి, నా చేతిలో పెట్టె చూసి, అక్కడే గోడకు ఆనుకున్నాడు.

"ఇచ్చేసినావా?" అన్నాడు.

"ఇచ్చిన. గేటు కాడ రిజెక్ట్ కొట్టింది మీరేనా సార్?"

"నీకోసమే చేసినానమ్మా. నిన్ను కాపాడుకుందామని."

"దేనిలకెళ్ళి?"

ఆయన నా వంక చూశాడు. నేను కదలలేదు. నా పని అయిపోయింది, కాని ఆ మాట వినకుండా వెళ్ళే ఆడదాన్ని కాదు నేను.

"దొరికితే పెద్ద శిక్ష పడతాది. వాళ్ళొచ్చినప్పుడు మనిషే దొరక్కుండా పోతే చిన్న శిక్ష. రెండూ తూకమేసి చూసుకున్నా" అన్నాడు కోచ్.

"దొరుకుడేంది సార్? ఏం దొరుకుతది?"

"నన్ను అడుగుతావేంటికి? ఈ వయసులో అంత టైము ఎవరికి తగ్గింది? ఇన్నేండ్లుగా చూస్తాండా, ఒక్కరికి తగ్గలేదు. నాకు చెప్పకుండా ఏమి తీసుకుంటాండావో అని ఎన్ని రాత్రులు నిద్ర లేదో నాకే తెలుసు. అడిగితే నీ మనసు విరిగిపోతుందని అడగలేదు."

ఆ అమ్మాయి అరవలేదు. అరిస్తే బాగుండేది. చాలా మెల్లగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

"నైట్ షిఫ్ట్ నౌకరి మానేసిన గద సార్. ఇప్పుడు రాత్రిపూట పండుకుంటున్న."

అంతకుముందు ఆమె ఐటీ ఆఫీసులో రాత్రి ఉద్యోగం చేసి, అటునుంచటే ఈతకు వచ్చేదట. తొలి ఒలింపిక్స్ కూడా అలాగే వెళ్ళొచ్చింది. అది మానేశాక కంటినిండా నిద్రపోతోంది. ఆమె వేగానికి కారణం అదీ. పక్కనే ఉండి చూసిన మనిషికి తట్టని సంగతి. సూది మాస్టారు కోచ్‌కు కూడా ఒక గ్లాసు మంచినీళ్ళు ఇచ్చాడు. ఆయన తాగలేదు.

"ఫ్లాటు కిరాయి నా పేరు మీద రాయించుండ్రి సార్. గేటు నంబరు గూడ నాదే పెట్టించుండ్రి. ఇగ రేపటి నుంచి నేను ఒక్కదాన్నే ప్రాక్టీస్ చేస్కుంట" అంది ఆమె. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు.

నేనూ పెట్టె పట్టుకుని బయలుదేరాను. తలుపు దగ్గర ఆమె నన్ను ఆపింది.

"మేడం, మీరన్న నమ్ముతున్రా నన్ను?"

ఈ ప్రశ్న మిమ్మల్ని కూడా ఎవరో ఒకరు అడుగుతారు. సూది మాస్టారైతే వెంటనే నమ్ముతున్నానమ్మా అనేవాడు. ఆయన నా వెనక నిలబడి, నేను అనాలని కోరుకుంటున్నాడని కూడా నాకు తెలుస్తోంది.

"లేదమ్మా. సీసాలో ఏముందో తెలిసేదాకా నమ్మను" అన్నాను.

ఆమె నవ్వింది. ఆ పొద్దున అదే మొదటి నవ్వు. "నమ్ముతున్న అన్నోడు గేటు మూసిండు. నమ్మనన్న మీరు తలుపు కాడికొచ్చిండ్రు. మీరు గట్లనే ఉండుండ్రి మేడం" అంది.

కారులో నాకు దుఃఖం ఆగలేదు. సూది మాస్టారు అటు తిరిగి కూర్చుని, చూడనట్టు నటించాడు. ఆయనకు నటించడం రాదు.

పరీక్ష ఫలితం వచ్చేదాకా నాకు సరిగ్గా అన్నం సహించలేదు. అనుమానం ఒకవైపు, ఆ కుర్చీ ఒకవైపు. చివరికి ఏ మందూ లేదని తేలింది. పాత రెండు తప్పిదాలు ఆమె పేరు మీద అలాగే ఉండిపోయాయి. నేను అన్నీ వివరంగా రాసినా, నెంబరు సరిగ్గా ఇచ్చుకోవడం ఆటగాళ్ళ బాధ్యతే అన్నారు. మూడోది మాత్రం పడలేదు. పనివాళ్ళ గేటు నుంచి దొంగతనంగా వెళ్ళినందుకు నన్ను సంజాయిషీ అడిగి, ఇక ఆమె దగ్గరికి వేరేవాళ్ళను పంపారు. గోడ దూకిన కథ ఆ సంజాయిషీలోంచే పుట్టి ఉంటుంది.

ఆ అమ్మాయి ఒలింపిక్స్‌కు వెళ్ళింది. ఆ పోటీ టీవీలో చూశాను. పతకం రాలేదు. కాని పరుగులో ఒకరి తర్వాత ఒకరిని దాటుకుంటూ ముందు గుంపు దాకా వచ్చేసింది. మన దేశం నుంచి ఆ ఆటలో అంత ముందుకు వచ్చినవాళ్ళు అప్పటికి లేరు. మా ఆయన ఒకటే చప్పట్లు. అలా చప్పట్లు కొడుతూనే పక్కనున్న మైసూరుపాకు ముక్క నోట్లో వేసుకోబోతే పట్టుకున్నాను.

నేను రిటైరయ్యాను. ఆమె కూడా ఈమధ్యే పోటీల నుంచి తప్పుకుంది. ఆ వారమే నాకు ఫోన్ చేసింది. "ఇగ పరీక్షకు వచ్చేది లేదు గద మేడం, ఊకనే ఒకసారి రాండ్రి" అంది.

వెళ్ళాను. అదే గేటు. సెక్యూరిటీ కొత్త మనిషి. ఫొటో కోసం కొంగు సర్దుకుని నిలబడ్డాను. నా పేరు, ఫ్లాటు నెంబరు అడిగి, ఫోనులో చూసుకుని, గేటు తీసి పొమ్మన్నాడు. నాకు అనుమానం వచ్చింది.

"ఫొటో తియ్యకుండా, అడగకుండా ఎట్లా వదులుతున్నావయ్యా? నేనెవరో నీకు తెలుసా?"

"మీది డైలీ ఎంట్రీ మేడం. రోజు వచ్చేటోళ్ళల్ల ఉన్నది మీ పేరు. వంటామె, పనామె, మీరు."

"నేనా? రోజూనా? ఎప్పుడు పెట్టారు?"

"ఫ్లాటు మేడం పేరు మీదికి అయిన దినమే పెట్టిందంట. మీరు ఎన్నడు వస్తలేరు, తీసేద్దునా అని నేను అడిగిన. వద్దు, ఆమె వస్తే ఆపొద్దు అన్నది."

నేను లోపలికి నడిచాను. లిఫ్టులో అద్దం ముందు కళ్ళు తుడుచుకున్నాను. పైకి వెళ్ళేసరికి తలుపు వారగా తెరిచే ఉంది. లోపల వంటింట్లోంచి తాలింపు వాసన, వంటామె మాటలు, ఆ అమ్మాయి నవ్వు. ఎదురుగా కుర్చీ కనిపించలేదు. నేను వస్తున్నానని పక్కకు జరిపి ఉంటారని, తలుపు పూర్తిగా తోసి వెనక్కి తొంగిచూశాను.

అక్కడా లేదు.